నా కాళ్ల క్రషింగ్ సీజన్

ఆ రోజుల్లో మా ఇంట్లో 'ఆపు' అన్న మాట బూతుతో సమానం. అసలు బూతులైనా కొన్ని చెల్లుబాటయ్యేవి గానీ, ఆ ఒక్క మాట మాత్రం మా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) ఎదుట ఎవరమూ నోరు జారేవాళ్లం కాదు. గోడ గడియారం ఆగిపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. కిరాణా దుకాణం ముందు స్కూటర్ నిలిపినా ఇంజను మాత్రం నడుస్తూనే ఉండాలి. దుకాణదారు ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో కందిపప్పు తూచి ఇచ్చేవాడు. ఇక సీలింగు ఫ్యాను సంగతి చెప్పనక్కర్లేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా అది తిరగాల్సిందే. పుష్యమాసపు చలిలో రెండేసి దుప్పట్లు కప్పుకుని ఫ్యాను కింద వణుకుతూ పడుకున్న కుటుంబం నిజామాబాద్ జిల్లా మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. బీడీలు చుట్టే మా అమ్మకైతే ఆ ఫ్యాను పగవాడి కిందే లెక్క. చాటలో పోసుకున్న తంబాకు ఎగిరి కళ్లలో పడేది. "మిల్లు బందయితె ఫ్యానేం పాపం జేసింది? జర దాన్నన్న ఆరాం దీసుకోనియ్యి," అంటూ ఆమె స్విచ్చు వైపు చెయ్యి చాపితే చాలు, బాపు ఎక్కడున్నా ఉరికొచ్చి అడ్డం నిలబడేవాడు. "ఒక్కపారి ఆపితె మల్ల తిరుగుతదని జిమ్మెదారి నీదా?" అనేవాడు. (కరెంటు పోయినప్పుడు మాత్రం ఆయన చేయగలిగిందేమీ లేదు. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, తల పైకెత్తి, రెక్కలు మళ్లీ కదిలేదాకా ఆపరేషన్ గది బయట కూర్చున్న మనిషిలా కూర్చునేవాడు.)

ఇలా చెబితే మా బాపును తిక్క మనిషి అనుకుంటారేమో. ఒకప్పుడు ఆయనంత నిమ్మళమైన మనిషి మా గల్లీలో లేడు. బోధన్‌లో చక్కెర మిల్లు నడిచిన కాలంలో, చెరకు రసం మరిగించే బాయిలింగ్ హౌస్‌లో ఆయనకు పని. చెరకు నరకడం మొదలై మిల్లు క్రషింగ్ సీజనుకు దిగిందంటే పగలూ రాత్రీ ఒకటే. ఊరంతా తియ్యటి వాసన. మిల్లు సైరన్ మోతను బట్టే ఆడవాళ్లు పొయ్యి ముట్టించేవాళ్లు, పిల్లలం బడికి ఉరికేవాళ్లం. ఎండాకాలానికి చెరకు అయిపోయాక మిల్లును మరమ్మతులకు ఆపేవారు, చలి మొదలవుతుండగా మళ్లీ ముట్టించేవారు. ఆ ఏడాదీ అలాగే ఆపారు. దసరా దాటినంక షురూ అన్నారు. దసరా దాటింది, దీపావళి దాటింది, పొగగొట్టంలో పావురాలు కాపురం పెట్టాయి. ఎందుకు షురూ కాలేదన్నది పెద్దపెద్దవాళ్ల సంగతి. నాకు ఇప్పటికీ తలకెక్కలేదు, బాపుకు అంతకన్నా ఎక్కలేదు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, టిఫిను డబ్బా పట్టుకుని మిల్లు గేటు దాకా పోయి, తాళాన్ని ఒకసారి లాగి చూసి తిరిగొచ్చేవాడు. డబ్బాలో అన్నం ఇంటికొచ్చి తినేవాడు. తోటివాళ్లలో ఒకాయన నిజామాబాద్ పోయి కంఠేశ్వర్‌లో ఆటో తోలుకున్నాడు. ఇంకొకాయన వేల్పూర్‌లో అత్తగారి పసుపు చేనుకు పనికి పోయాడు. మరొకాయన ఏమీ చెయ్యకుండా రోజూ మిల్లు గోడకు ఆనుకుని కూర్చుని, ఒకనాడు ఇక లేవలేదు. ఆయన్ని ఇంటికి మోసుకొచ్చినవాళ్లలో బాపు ఒకడు. స్కూటర్ ఇంజను ఆపడం మానేసింది ఆ వారం నుంచే.

అమ్మ చుట్టే బీడీల మీద ఇల్లు గడిచేది. పక్కన కూర్చుని నేనూ చుట్టేదాన్ని. మా గల్లీ ఆడవాళ్లకు కాళ్లున్నది నడవడానికి కాదు, చాట పెట్టుకోవడానికి. బాసిపట్టు వేసుకుని ఒడిలో చాటతో కూర్చుంటే, సాయంత్రానికి మోకాళ్ల కింద ఏమైనా మిగిలిందా అని చేత్తో తడిమి చూసుకోవలసిందే. అలాంటి కాళ్లు పెట్టుకుని నేను డిగ్రీ అయ్యాక అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. (అడవి మీద ప్రేమ ఉండి కాదు. అప్పటిదాకా నేను చూసిన అడవంతా బీడీ ఆకు కట్టల్లోనే.) రాత పరీక్ష గట్టెక్కాను. ఇంట్లో అందరూ మురిసిపోతుండగా, ఇంకా నడక పరీక్ష ఉందని తెలిసింది. గడువు నాలుగు గంటలు, ఆడపిల్లలకు పెట్టిన దూరం ఇంచుమించు మా బోధన్ నుంచి జానకంపేట దాకా. గడువులో చేరితే ఉద్యోగం, లేకుంటే మళ్లీ చాటే. నిజం చెప్పాలంటే, కాస్త అలవాటు చేసుకుంటే ఎవరైనా నడవగలిగే దూరమే అది. అంత మామూలు దూరాన్ని, నడిచి నడిచి, నడవలేని దూరంగా ఎలా చేసుకున్నామో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

ఆ కబురు విన్న బాపు ముఖంలో ఎన్నేళ్లకో వెలుగు చూశాను. "సీజన్ షురూ అయింది బిడ్డా. ఇగ బంద్ లేదు," అన్నాడు. మర్నాటి నుంచి నేను ఆడపిల్లను కాదు, మిల్లును. పొద్దుటి నడక ఏ షిఫ్టు, సాయంత్రం నడక బి షిఫ్టు. (సి షిఫ్టు కూడా పెట్టేవాడే గానీ అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.) రోడ్డు మీద నేను ముందు, సైకిల్ మీద బాపు వెనక, ఆయన మెడలో విజిల్. నేను కాస్త నెమ్మదిస్తే విజిల్ మోగేది. "రోలర్ల మీద చెరుకు కుప్పవడుతున్నది, జర జల్ది!" కాళ్లు నొస్తున్నాయంటే, "కొత్తల మిల్లు గూడ గిట్లనే మూలుగుతది. వేడెక్కినంక అదే నడుస్తది," అనేవాడు. ఒకసారి ధైర్యం చేసి ఆదివారం సెలవడిగాను. "మిల్లు ఐతారమని ఆగుతుండెనా? పండుగని ఆగుతుండెనా?" అని ఎదురడిగాడు. నా తరఫున అమ్మే అందుకునేది. "చెరుకునన్న ఒక్కపారే పిండుతరు. నువ్వు పొద్దుమాపు పిండుతున్నవ్. పిల్లను పిప్పి జేసి ఇడుస్తవా ఏంది?" బాపు ఆ మాట చెవిన వేసుకునేవాడు కాదు. ఒక సంగతి మాత్రం అమ్మా నేనూ ఇద్దరం గమనించాం. నా నడక మొదలైనప్పటి నుంచి ఆయన మిల్లు గేటు దగ్గరికి పోయి తాళం లాగడం మానేశాడు.

మా రోడ్డు మీద ఆడపిల్ల ఊరికే నడవడం ఎవరూ చూసి ఎరగరు. నడిచే మనిషికి ఏదో ఒక కారణముండాలి. బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా ఇంట్లో కొట్లాడి బయల్దేరి ఉండాలి. ఆటోలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నా పక్కన నిలిపేవాళ్లు. "ఎక్కు చెల్లె, ఉత్తగనే దించుత." వద్దంటే, వెనక సైకిల్ మీద వస్తున్న బాపును చూసి గొంతు తగ్గించి, "ఎవడు చెల్లె వాడు, ఎంబడవడుతున్నడు? చెప్పు, జర అర్సుకుంట," అనేవాళ్లు. మా బాపే అన్నా అంటే వాళ్ల అనుమానం ఇంకా పెరిగేది. సైకిలుండి కూడా కన్నకూతుర్ని నడిపిస్తున్న తండ్రిని ఏమనాలో వాళ్లకు తోచేది కాదు. ఒకసారి బండి మీద ఉల్లిగడ్డ తెస్తున్న మహారాష్ట్ర ముసలాయన ఎడ్లను నిలిపి, బాపును మరాఠీలో కడిగేసి పోయాడు. మిల్లులో మరాఠీవాళ్లతో కలిసి పనిచేసిన బాపుకు ప్రతి ముక్కా అర్థమైంది. ఆ పూట ఆయన విజిల్ కొంచెం మెల్లగా ఊదాడు.

ఎడపల్లి దగ్గర రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపే ఒక అవ్వ మాత్రం అసలు కారణం తానే కనిపెట్టాననుకుంది. ఒకనాడు నన్ను నిలబెట్టి, "ఎవలకు మొక్కుకున్నవ్ బిడ్డా?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి బాపు, "పెద్ద మొక్కే అవ్వా," అనేశాడు. (తర్వాత నాతో, "మొక్కంటె కుక్కలు తప్ప ఎవ్వలు ఎంబడవడరు," అని సమర్థించుకున్నాడు.) అంతే, ఆ రోడ్డు మీద నా పేరు మొక్కు పిల్ల అయిపోయింది. అవ్వ నా కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి పసుపు రాసేది. బూట్లు విప్పమని చెప్పేంత ఓపిక ఆమెకు లేదు, వాటిమీదే పోసేది, వాటికే రాసేది. నాకున్న ఒకే జత తెల్ల బూట్లు వారం తిరిగేసరికి ఆర్మూర్ మార్కెట్లో పసుపు కొమ్ముల రంగుకొచ్చాయి. తర్వాత ఒకరోజు అవ్వ నా చెయ్యి పట్టుకుని, "నా కొడుకు గల్ఫుకు వోయి మస్తు ఏండ్లయింది. ఫోను గూడ బందయింది. నువ్వెట్లయిన నడుస్తనే ఉన్నవు. వాని పేరు మీద నాలుగడుగులెయ్యి బిడ్డా," అంది. కాదని ఎలా చెప్పను? ఆ రోజు నుంచి హోటల్ దగ్గర మొదలై రోడ్డు కింద నీళ్లు పోయే అవతలి మోరీ దాకా వేసే అడుగులు ఆమె కొడుకువి. నాకేమో నవ్వు, వెంటనే ఏడుపు. ఆ మోరీ దాకా బాపు కూడా విజిల్ ఊదేవాడు కాదు.

నొప్పి ఎప్పుడు మొదలైందో సరిగా చెప్పలేను. మోకాలికీ చీలమండకూ మధ్య, ముందువైపు ఎముక మీద సన్నగా ఉండేది. మొదట్లో నడక మొదలుపెట్టేటప్పుడు వచ్చి కాసేపటికి పోయేది. తర్వాత నడిచినంతసేపూ ఉండేది. చివరికి చాట ముందు కూర్చున్నా, పడుకున్నా వదల్లేదు. అన్నిటికన్నా విచిత్రమేమంటే, ఎంత ఎక్కువ నడిస్తే అంత నెమ్మదిగా పోతున్నాను. మొదట్లో పొద్దెక్కకముందే చేరిన ఎడపల్లికి ఇప్పుడు ఎండ మాడ్చే వేళకు చేరుతున్నాను. రాత్రి నిద్రపట్టదు, పొద్దున లేవబుద్ధి కాదు, అన్నం చూస్తే విసుగు, అమ్మ పలకరిస్తే కోపం. బాపు దీనికి కనిపెట్టిన మందు, ఇంకాస్త దూరం పెంచడం. నేను కుంటు కనబడకుండా నడవడం నేర్చుకున్నాను. పరీక్ష పోతుందన్న భయం ఒకటి. నేను ఆగితే ఆయన మళ్లీ టిఫిను డబ్బా పట్టుకుని ఆ తాళం దగ్గరికి పోతాడన్న భయం దానికన్నా పెద్దది. ఆ రెండో భయంతోనే ఎక్కువ దూరం నడిచాను.

ఒకనాడు పొద్దున, అవ్వ కొడుకు అడుగులు ముగిసే మోరీ దగ్గర, కాలు కింద పెడితే ఎముక లోపల సూది దిగినట్టయింది. అక్కడే కూలబడ్డాను. బాపు అలవాటుకొద్దీ ఒకసారి విజిల్ ఊదాడు, తర్వాత సైకిల్ పడేసి ఉరికొచ్చాడు. "లేస్తవా బిడ్డా?" లేవలేకపోయాను. "జర ఊపిరి దీసుకొని లెవ్వు." అదీ కాలేదు. అంతలో చెరకు లారీ ఒకటి వస్తోంది. మా వైపు చేలల్లో నరికిన చెరకును పక్క జిల్లా మిల్లుకు మోసుకుపోయే లారీలవి. అవి ఎదురైతే బాపు ముఖం అటు తిప్పుకునేవాడు, శవం ఎదురైనా అంత తిప్పుకునేవాడు కాదు. ఆ రోజు మాత్రం రోడ్డు నడిమధ్యన చేతులు బార్లా చాపి నిలబడి, "ఆపూ! అరే, ఆపూ!" అని అరిచాడు. మిల్లు బందయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. నేను నవ్వుతుంటే నొప్పితో మతి పోయిందనుకుని డ్రైవర్ బెంబేలెత్తాడు. సైకిల్‌ను చెరకు గడల మీదికి విసిరి, నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. "ఏమైందే బిడ్డకు?" అని డ్రైవర్ అడిగితే బాపు ముందుకే చూస్తూ, "ఏం లే. వేడెక్కింది," అన్నాడు.

కంఠేశ్వర్‌లో ఎముకల డాక్టరు ఫోటో తీయించి చూశాడు. "ఎముక అలసిపోయిందండి. ఇంకా పగల్లేదు, పగలడానికి సిద్ధంగా ఉంది. నడక ఇప్పుడే ఆపెయ్యాలి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "బలం నడిచేటప్పుడు రాదమ్మా. నడిచి పడుకున్నప్పుడు వస్తుంది. నడకలో అరిగింది విశ్రాంతిలో పూడుతుంది. నువ్వు పూడనివ్వకుండా రోజూ తవ్వుకుంటూ పోయావు. మానాక ఒకరోజు దూరం నడువు, మర్నాడు కొంచెమే నడువు, వారంలో ఒకరోజు అసలు నడవకు." బాపు అంతా శ్రద్ధగా విన్నాడు. చేతులు కట్టుకుని, "మంచిది సార్. మీరన్నట్లే ఆపుతం. గని మల్ల ఎప్పుడు షురూ అయితదో తారీకు ఏసి, సంతకం పెట్టియ్యిండ్రి," అన్నాడు. డాక్టరు నవ్వాడు. "సంతకమేంటండీ, ఇది మీ అమ్మాయి కాలు. ఫ్యాక్టరీ కాదు." బాపు నవ్వలేదు. "నోటి మాట మీద ఆపి ఒకపారి మునిగినం సార్," అన్నాడు. ఎక్కడ పనిచేసేవారని డాక్టరు అడిగాడు. బోధన్ మిల్లులో అని బాపు చెప్పాడు. డాక్టరు కలం మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. బయట వేచి ఉన్నవాళ్లు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు.

ఇంటికొచ్చాక బాపు మనసు మళ్లీ మొదటికొచ్చింది. "డాక్టర్లు గట్లనే అంటరు. రేపటి సంది మెల్లగ నడిపిస్త. మొత్తం ఆపుడు వద్దు," అన్నాడు. అమ్మ ఆకు కత్తిరిస్తున్న కత్తెర కింద పెట్టింది. మిల్లు గురించి ఆమె ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేది కాదు, ఆ రోజు మాట్లాడింది. "సీజన్ నడుమల సఫాయికి ఆపకపోతుండ్రా? గొట్టాలు పెంకు గట్టి రసం మరుగకపోతె, మిల్లు బంద్ వెట్టి లోపటికి దిగి గీకింది నువ్వు గాదా? కాస్టిక్ సోడా తోని చేతులు కాల్సుకొని వచ్చి దినమంత పంటుంటివి. గప్పుడు మిల్లు సచ్చిందా? సఫాయి ఐనంక రసం గబగబ మరుగుతదని నువ్వే చెప్తుంటివి గదా." నాకూ గుర్తొచ్చింది. సఫాయి రోజు మిల్లు సైరన్ మోగేది కాదు, ఊరంతా ఆలస్యంగా లేచేది, పిల్లలం బడి ఎగ్గొట్టేవాళ్లం. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మిల్లు ఆఖరుపారి ఆపిన దినం స్టీము వాల్వు బంద్ జేసింది నేనే," అన్నాడు. "మరమ్మతుకే అనుకున్న. పాట వాడుకుంట తిప్పిన. సఫాయికి ఆపినా, జిందగీకి ఆపినా, చేతికి రెండొక్కతీర్గనే ఉంటయి. నాకేం ఎరుక?" అమ్మ మళ్లీ కత్తెర తీసుకోలేదు. ఇన్నేళ్లూ ఫ్యాను కింద మేం ఎందుకు వణికామో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పిచ్చి మనిషి మీద ప్రేమా కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు ఇంట్లో సఫాయి మొదలైంది. బాపు దేన్నీ సగం చేసే మనిషి కాదు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, కాలి కింద దిండ్లు పేర్చి, విజిల్ ఊది మరీ విశ్రాంతి మొదలుపెట్టాడు. నీళ్లకని లేస్తే విజిల్, కిటికీ దగ్గరికి పోతే విజిల్. "సఫాయిల ఉన్నప్పుడు గొట్టం కదలద్దు!" చూడవచ్చిన పక్కింటావిడ మంచం అంచున కూర్చోబోతే ఆమెకూ విజిలే. పొద్దున ఏ షిఫ్టు పడక, సాయంత్రం బి షిఫ్టు పడక. (ఈసారి సి షిఫ్టుకు అమ్మ కూడా ఒప్పుకుంది.) నడిచేటప్పుడు పడని తక్లీఫు పడుకుని పడ్డాను. కానీ పొద్దున కళ్లు తెరిచేసరికి, ఆయన నా కాలి ఎముక మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. "వేడి ఉన్నది," అనేవాడు, ఎవరికో కబురు చెబుతున్నట్టు. బాయిలర్ చల్లారలేదని చూసుకునే అలవాటది. ఒకరోజు ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని బయటికి పోతుంటే, మళ్లీ గేటు దగ్గరికే అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం దాటాక చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఎడపల్లి అవ్వ పరేషాన్ అయితుండె. మొక్కు ఆగలే, సఫాయిల ఉన్నదని చెప్పిన," అన్నాడు. చెప్పులు విడుస్తూ, "ఆమె కొడుకు అడుగులు గూడ మోరీ దాక నేనే ఏసొచ్చిన," అన్నాడు. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

నడవొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు పొద్దున బాపు తెల్లారకముందే లేచి స్నానం చేశాడు. "సఫాయి ఐపోయింది," అన్నాడు గానీ ఆ మాటలో బలం లేదు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేకపోయాడు. చివరికి గోడవైపు తిరిగి కూర్చున్నాడు, చూడను పొమ్మన్నట్టు. అమ్మ చాటలో చేతులు ఆగిపోయాయి. పసుపు బూట్లు తొడుక్కుని కాలు కింద పెట్టాను. బరువు మోపాను. ఎముక పలకలేదు. ఇంకో అడుగు వేశాను. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి ఆయన వీపు వెనక నిలబడి, "బాపూ, షురూ అయింది," అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నా కాళ్లను చూశాడు. మిల్లు పోయినప్పుడు ఏడవని మనిషి, తోటివాణ్ణి మోసుకొచ్చినప్పుడు ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఇంటిముందు పోయేవాళ్లు ఆగి చూశారు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, వాళ్లకు వినబడేట్టు, "ఏం లే, ఫ్యాను గాలికి కండ్లల్ల తంబాకు వడ్డది," అంది.

ఆ తర్వాత అంతా డాక్టరు చెప్పినట్టే నడిచింది. ఒకరోజు దూరం, మర్నాడు కొంచెం, వారంలో ఒకరోజు సఫాయి. కొద్దికొద్దిగా దూరం పెరిగింది, అన్నం తినబుద్ధయింది, అమ్మతో కొట్లాటలు తగ్గాయి. నడక పరీక్ష నాడు గేటు దాటి తండ్రులను రానివ్వలేదు. బాపు గేటు అవతలే నిలబడ్డాడు, మెడలో విజిల్ ఉంది గానీ ఊదనియ్యలేదు. నాతో బయల్దేరిన వాళ్లలో ఖరీదైన బూట్లమ్మాయి ఒకతె అందరికన్నా ముందు దూసుకుపోయింది. సగం దూరం దాటాక రోడ్డు పక్కన పిక్క పట్టుకుని కూర్చుని కనిపించింది. "నిన్న సాయంత్రం గూడ ప్రాక్టీస్ చేసిన అక్కా, ఒక్కరోజు గూడ ఆపలే," అని ఏడ్చింది. ఆమెను చూసి నవ్వే హక్కు నాకు లేదు. నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టి నడిచాను. గడువు కన్నా ముందే చేరాను. గేటు బయట బాపు ఉద్యోగం వచ్చిందా అనడగలేదు. వంగి నా కాలి ఎముక మీద చెయ్యి పెట్టి చూసి, "రేపు సఫాయి," అన్నాడు.

ఇప్పుడు నా అడవి బీట్‌లో నేను నడిచే దారుల్లో విజిల్ ఊదేవాళ్లు లేరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అవ్వ హోటల్ పోయింది. ఆమె కొడుకు వచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ మోరీ మీదుగా బస్సులో పోతున్నప్పుడు మాత్రం నా కాళ్లు వాటంతటవే కదులుతాయి. పోయిన చలికాలం బాపు మంచం పట్టాడు. నేను సెలవు పెట్టి వచ్చి, ఆయన కాలి ఎముక మీద అరచెయ్యి పెట్టి, "వేడిగనే ఉన్నది బాపు. సఫాయి, గంతే," అన్నాను. ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "వాల్వు దిప్పినోన్ని బిడ్డా. గప్పుడు ఎరుకలే గని ఇప్పుడెరుకే. ఇది సఫాయి గాదు." కాస్త ఆగి, "నువ్వు నిన్నంత నడిచొచ్చినవు గదా? ఇయ్యాల పండుకో. ఎల్లుండి డ్యూటీకి పో," అన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

మొన్న వారపు సెలవుకు ఇంటికి పోయాను. చలి కొరికేస్తోంది. పడుకునే ముందు, ఉద్యోగపు ఊళ్లో అయిన అలవాటుకొద్దీ, ఫ్యాను ఆపుదామని స్విచ్చు వైపు చెయ్యి చాపాను. ఇన్నేళ్లూ ఆ ఫ్యానుతో యుద్ధం చేసిన మా అమ్మ చాట పక్కన పెట్టి లేచొచ్చి అడ్డం నిలబడింది. "ముట్టకు," అంది. "ఆపితె మల్ల తిరుగుతదని జిమ్మెదారి నీదా?" నేను రెండు దుప్పట్లు కప్పుకున్నాను. కాళ్లు బార్లా చాపుకుని కళ్లు మూసుకుంటే, ఎడపల్లి రోడ్డు మీద పసుపు బూట్లతో కుంటు దాచుకుంటూ నడిచే ఒక పిల్ల కనబడింది. ఓ పిచ్చిదానా, జర కూసోరాదే అనబోయాను గానీ, వెనక సైకిల్ మీద వస్తున్న ఆయన్ని చూసి ఊరుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, కింద నేను వణుక్కుంటూ నవ్వుకున్నాను.